డార్విన్‌లో బారోమీటరు, రాజోలిలో వాన

2009 అక్టోబర్‌లో మా పెద్దమ్మ వాళ్ల ఊరు రాజోలి తుంగభద్రలో మునిగింది. నేనప్పుడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. బస్సులు తిరగడం మొదలయ్యాక వెళ్తే, మట్టి మిద్దెలున్న చోట మట్టి కుప్పలున్నాయి. గుంట మగ్గాల్లో బురద నిండిపోయి, గుంట ఎక్కడుందో నేల ఎక్కడుందో తెలియలేదు. సగం నేసిన చీర ఒకటి బురదలోంచి లాగితే జరీ అంచు మాత్రం మెరుస్తూ కనిపించింది. పెద్దనాయన దాన్ని చూసి ఏమీ అనలేదు. కాసేపటికి నావైపు తిరిగి, "వానకాలమంతా చుక్క పడకపాయె. పడినంక ఊరే పాయె. మీ కంప్యూటర్లు ఏం జేస్తున్నట్టురా?" అన్నాడు.

పెద్దనాయన కోపంలో అన్నాడు గానీ, అందులో అబద్ధం లేదు. 2009 దేశమంతటా కరువు సంవత్సరం. ఆ ఏప్రిల్‌లో వాతావరణ శాఖ సగటులో 96 శాతం వాన పడుతుందని చెప్పింది, జూన్‌లో దాన్ని 93కి దించింది. చివరికి పడింది 78 శాతం. పసిఫిక్‌లో ఎల్‌నినో వచ్చింది. సీజను ముగిసిపోయిందనుకున్నాక, సెప్టెంబర్ ఆఖరి రోజుల్లో బంగాళాఖాతం నుంచి వచ్చిన వాన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలను ముంచెత్తింది. శ్రీశైలం జలాశయం తట్టుకునేలా కట్టింది 19 లక్షల క్యూసెక్కులకు. వచ్చిన వరద 25 లక్షలు దాటింది. రాజోలికి ఆనుకునే సుంకేసుల బ్యారేజీ ఉంది. ఆ రాత్రి అక్కడ నదికీ ఊరికీ తేడా లేకుండా పోయింది.

పెద్దనాయన ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను అనుకోకుండా వాతావరణ శాస్త్ర చరిత్రలో పడ్డాను. ఉద్యోగంలో చేరాక, రాత్రిళ్లు బిల్డ్ పూర్తయ్యేదాకా ఖాళీగా కూర్చునే వేళల్లో చదివినవే ఎక్కువ. చదివేకొద్దీ తెలిసిందేమంటే, రాజోలి వాన గురించి తెలుసుకోవాలంటే రాజోలి నుంచి వీలైనంత దూరం పోవాలి.

మొదలు 1876-78 ధాత కరువు. నదికి ఇవతల రాజోలి నిజాం రాజ్యం, అవతలి గట్టు కంపెనీ పోయాక దొరతనం చేతిలోకి వచ్చిన కర్నూలు జిల్లా. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం కనిపించరు. సుంకేసుల దగ్గర మొదలయ్యే కాలువ అప్పటికే తవ్వి ఉంది, అయినా! అప్పుడు వాతావరణ శాఖ అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. ఆ కరువేళ ఇక్కడ గాలి పీడనం మామూలుకన్నా ఎక్కువగా ఉందని గమనించి, మిగతా దేశాల్లో ఎలా ఉందోనని లెక్కలు తెప్పించుకున్నాడు. ఆస్ట్రేలియాలో చార్లెస్ టాడ్ అనే టెలిగ్రాఫ్ అధికారి ఇండియాలో కరువు వచ్చిన ఏడే తమ దగ్గరా కరువు వస్తోందని 1888లో గుర్తించాడు. ఎడారి గుండా డార్విన్ రేవు దాకా తీగలు వేయించినవాడు ఈయనే. ఇద్దరూ సామ్రాజ్యపు నౌకరులు, వాళ్ల తీగల మీద నడిచిందీ సామ్రాజ్యపు వ్యాపారమే. అంతర్జాతీయ సహకారం అంటే ఏవో సమావేశాల్లో పుట్టిందని అనుకునేవాణ్ణి. నిజానికి పన్నులు ఎగ్గొట్టకుండా కరువును ముందే పసిగట్టాలన్న సర్కారు అవసరంలోంచి కూడా పుట్టింది.

వీళ్లందరిలో నాకు బాగా నచ్చినవాడు గిల్బర్ట్ వాకర్. కేంబ్రిడ్జిలో గణితం, బూమరాంగ్ ఎలా తిరిగొస్తుందన్న దాని మీద పరిశోధన, వేణువుల పిచ్చి. వాతావరణ శాస్త్రంలో ఓనమాలు రావు. 1899 కరువును ముందు చెప్పలేకపోయి శాఖ పరువు పోయాక, 1904లో ఇతణ్ణి తెచ్చి సిమ్లాలో కుర్చీ వేశారు. వాకర్ సిద్ధాంతాల జోలికి పోలేదు. వాన ఎందుకు పడుతుందో తెలియనప్పుడు, దేనితో కలిసి పడుతుందో చూద్దామన్నాడు. గుమాస్తాలను కూర్చోబెట్టి, ప్రపంచంలో ఎక్కడెక్కడి పీడనాలనో ఉష్ణోగ్రతలనో మన వానతో జత కట్టించి సహసంబంధాలు లెక్క వేయించాడు. 1909 నాటి అతని సూత్రంలో హిమాలయాల మంచు, మారిషస్ పీడనం, దక్షిణ అమెరికా పీడనం, జాంజిబార్ వాన ఉన్నాయి. రాజోలిలో గొర్రు కట్టాలా వద్దా అన్నది అర్జెంటీనాలో ఎవరో బారోమీటరు చూసి రాసుకున్న అంకె మీద ఆధారపడిందన్నమాట! అప్పటి 'కంప్యూటర్లు' అంటే ఆ గుమాస్తాలే. కూడికలూ తీసివేతలూ చేసింది వాళ్లు, పేరు వచ్చింది దొరకి. మా వృత్తిలో ఇప్పటికీ ఇది పెద్దగా మారలేదు.

ఆ లెక్కల్లోంచే, పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, ఇటు పెరిగితే అటు తగ్గుతుంది అన్న పెద్ద త్రాసు బయటపడింది. 1924లో వాకర్ దానికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. అది ఎల్‌నినోతో ముడిపడి ఉందని వివరించడానికి 1969లో బ్యెర్క్‌నెస్ రావాల్సి వచ్చింది.

అయితే వాకర్ వేసిన సూత్రాలు కొన్నాళ్లకు పనిచేయడం మానేశాయి. పాత డేటాకి చక్కగా అతికిన మోడల్ కొత్త డేటాకి బోర్లా పడటం ఏ ప్రోగ్రామరుకైనా తెలిసిన సంగతే. 1997లో శతాబ్దపు అతి పెద్ద ఎల్‌నినోల్లో ఒకటి వచ్చింది, అందరూ కరువే అనుకున్నారు, మన వాన 102 శాతం పడింది. 2002లో మళ్లీ, ఎవరూ అనుకోని చోట, 19 శాతం లోటు. 1997 సంగతికి సమాధానంలో కొంత భాగం రెండేళ్ల తర్వాత జపాన్ నుంచి వచ్చింది. సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా కలిసి 1999లో 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసం అది: హిందూ మహాసముద్రానికి తనదైన ఊగిసలాట ఉందని, పడమర వేడెక్కి తూర్పు చల్లబడే ఏళ్లుంటాయని. నలుగురిలో ముగ్గురు మనవాళ్లు. సముద్రం మన గడప ముందే ఉన్నా అది కనిపించడానికి ఇంతకాలం పట్టింది, ఎందుకంటే అక్కడ కొలిచేవాళ్లు లేరు.

కొలవడం అసలు మొదలుపెట్టిన వాళ్లలో తెలుగు నేల వాళ్లున్నారని తెలిసి ఆశ్చర్యపోయాను. 1950ల్లో అమెరికా నుంచి యూజీన్ లఫాండ్ వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, విద్యార్థులను ఓడలెక్కించి బంగాళాఖాతం కొలిపించాడు. మన తీరానికి దూరంగా సముద్రం అడుగున ఉన్న లోయలకి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టింది ఆయనే. మహాదేవన్ అంటే అక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు. తర్వాత 1959-65 మధ్య నలభైకి పైగా ఓడలతో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. అది ముగిశాక 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వెలిసింది. ఇవన్నీ విడివిడిగా రాయవలసినవి, ఇక్కడ ఆగను.

హైదరాబాద్ ప్రగతినగర్‌లో, సముద్రం కనుచూపు మేరలో లేని చోట, ఇన్‌కాయిస్ ఉంది. ఆర్గో ఫ్లోట్లు పంపే సమాచారానికి హిందూ మహాసముద్రం తరఫున ప్రాంతీయ కేంద్రం అదే. ఆర్గో ఫ్లోటు మనిషంత పొడవున్న గొట్టం. సముద్రంలో వదిలేస్తే పది రోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతుంది. ఏ దేశం వదిలినా డేటా అందరికీ ఉచితం. నేను ఒక ఆదివారం కూర్చుని బంగాళాఖాతంలోని ఫ్లోట్ల ఫైళ్లు దించుకుని గీతలు గీశాను. అనుమతి అడగలేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. వాకర్ గుమాస్తాలు గుర్తొచ్చారు. లంగరేసిన బోయీల కథ ఇంత సాఫీగా సాగలేదు. అమెరికాతో కలిసి హిందూ మహాసముద్రంలో వేస్తున్న రామా బోయీలకి పడమటి వైపు సోమాలియా సముద్రపు దొంగల బెడద ఏళ్లపాటు అడ్డుపడింది.

2012లో మాన్సూన్ మిషన్ మొదలైంది. అమెరికా వాతావరణ సంస్థ మోడల్ కోడ్‌ను పుణె ఐఐటీఎం తీసుకుని మన ఋతుపవనాలకి సరిపడేలా మరమ్మతు చేయడం దాని నడుం. 2021 నుంచి వాతావరణ శాఖ దీంతోపాటు ఇతర దేశాల మోడళ్లను కూడా కలిపి చూసి సీజను అంచనా చెబుతోంది. వాకర్ పద్ధతి నుంచి భౌతిక సమీకరణాల దాకా రావడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. కానీ ఇదంతా ఉండి ఉంటే రాజోలి మునిగేది కాదా? ఆ మాట అనలేను. సీజను అంచనాలు నెలల సంగతి చెబుతాయి, వరద గంటల సంగతి. దానికి కావలసింది ఎగువన పడిన వాన లెక్క, జలాశయంలో ఎంత ఖాళీ ఉంచారన్న లెక్క, గేట్లు ఎప్పుడెత్తారన్న లెక్క, అర్ధరాత్రి ఊళ్లో తలుపు తట్టే మనిషి. డార్విన్ బారోమీటరు ఇందులో ఏమీ చేయలేదు.

మొన్న వేసవిలో వెళ్తే పెద్దనాయన గట్టున కొత్త ఇంట్లో, కొత్త మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు.

"ఈ ఏడు ఎట్లుంటదంట?"

ఫోనులో చూసి శాతం చెప్పాను. మోడళ్ల సంగతి కూడా కొంచెం చెప్పబోయాను.

"అది రాజోలి మీదనా, దేశం మీదనా?" అన్నాడు.

దేశం మీద, అన్నాను. ఆయన నాడె పట్టుకుని నేతలో పడ్డాడు.