వంకరపాదం చికిత్స: ముప్పై ఏళ్లు వినిపించుకోని మాట

పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు ఒకరికి పాదం లోపలికి తిరిగి, మడమ పైకి లాగుకొనిపోయి, అరికాలు రెండవ కాలివైపు చూస్తూ ఉంటుంది. వైద్యులు దీనిని క్లబ్‌ఫుట్ అంటారు. మనవారు వంకరపాదం అంటారు. గ్రహణవేళ తల్లి కదిలినందువల్లనే బిడ్డ కాలు వంగిందని నిందించడం నేటికీ వింటున్నాము. ఆ నిందకు ఏ ఆధారమూ లేదు. తల్లి చేసిన పనికీ, బిడ్డ పాదానికీ ముడిపెట్టడం మానితే, చికిత్సకు రావలసిన తొలి వారాలు వృథా కాకుండా ఉంటాయి.

ఈ వైకల్యం మానవజాతికి కొత్త కాదు. క్రీస్తుకు పూర్వం నాలుగు వందల ఏళ్లనాడే హిపోక్రటీసు సంప్రదాయపు గ్రంథాలు, శిశువు పాదాన్ని చేతులతో మెల్లగా సరిదిద్ది కట్టు కట్టాలనీ, అది వీలైనంత త్వరగా మొదలుపెట్టాలనీ చెప్పాయి. ఆ తరువాతి వైద్యులు ఈ మెత్తదనాన్ని నిలుపుకోలేకపోయారు. 19వ శతాబ్దంలో పాదాన్ని ఇనుప సాధనాలతో బలవంతంగా మెలితిప్పిన వారున్నారు. ఆ కాలంలోనే ఒక మంచి పని కూడా జరిగింది. జర్మనీలో స్ట్రోమయర్ 1831లో చర్మానికి చిన్న గాటు మాత్రమే పెట్టి, పిక్క కండరాన్ని మడమకు కలిపే అకిలీస్ టెండన్‌ను తెంచే పద్ధతిని ప్రారంభించాడు. బాల్యంలో జబ్బు చేసి పాదం వంకరపోయిన విలియం జాన్ లిటిల్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1836లో ఆయన వద్దకు వెళ్లి స్వయంగా ఆ చికిత్స చేయించుకుని, లండన్‌కు తిరిగివచ్చి ఎముకల వ్యాధులకు ప్రత్యేక ఆసుపత్రి స్థాపించాడు. రోగియే ప్రచారకుడైన తీరును గుర్తుంచుకోండి. ఈ కథలో అది మళ్లీ వస్తుంది.

20వ శతాబ్దంలో మత్తుమందులూ, క్రిమిరహిత శస్త్రచికిత్సా స్థిరపడ్డాక శస్త్రవైద్యులకు ధైర్యం పెరిగింది. పాదంలో బిగుసుకున్న లిగమెంట్లనూ, కీళ్ల పొరలనూ విప్పి, ఎముకలను వరుసలో పెట్టడమే సరైన మార్గమని నమ్మారు. 1971లో టర్కో ప్రచురించిన పద్ధతి తరువాత అదే ప్రపంచమంతటా ప్రామాణికమైంది. పిండికట్లతోనే నయం చేయవచ్చునన్న అమెరికా వైద్యుడు కైట్ పద్ధతికి చాలా నెలలు పట్టేది, అయినా పలు పాదాలు పూర్తిగా సరికాలేదు. కనుక కట్లతో లాభం లేదనే అభిప్రాయం బలపడింది.

ఇగ్నాసియో పోన్‌సెటి కథ అంతకు చాలా ముందే మొదలైంది. ఆయన 1914లో స్పెయిన్‌కు చెందిన మినోర్కా ద్వీపంలో, గడియారాలు బాగుచేసే తండ్రికి జన్మించాడు. అంతర్యుద్ధంలో గణతంత్ర సైన్యానికి వైద్యుడిగా పనిచేశాడు. ఓటమి తరువాత దేశం విడిచి ఫ్రాన్స్‌కూ, అక్కడినుంచి మెక్సికోకూ వెళ్లి, 1941లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం చేరాడు. అక్కడ అధిపతి అయిన స్టైండ్లర్ ఆయనకు ఒక పని అప్పగించాడు: పూర్వం వంకరపాదానికి ఆపరేషన్ చేయించుకున్నవారు ఇప్పుడెలా ఉన్నారో చూసి రమ్మన్నాడు. చూస్తే, వారి పాదాలు బిగుసుకుపోయి, బలహీనమై, నొప్పితో ఉన్నాయి. ఆపరేషన్ చేసిన రోజు చక్కగా కనిపించిన పాదం ఇరవై ఏళ్లకు ఎలా నడుస్తుందో వెళ్లి చూడడం ఆనాడు అరుదు. ఈ ఒక్క అలవాటే ఆయనను తక్కిన వారినుంచి వేరుచేసిందని నా అభిప్రాయం.

ఆయన పాదం నిర్మాణాన్ని నిశితంగా పరిశీలించాడు. మృతశిశువుల పాదాలను విడదీసి చూశాడు. శిశువు లిగమెంట్లలోని పీచు అలలు అలలుగా ముడతపడి ఉంటుంది. మెల్లగా సాగదీస్తే సాగుతుంది, కొద్దిరోజులకు మళ్లీ ముడతలు ఏర్పడతాయి, అప్పుడు మరికొంత సాగదీయవచ్చు. వారం వారం పిండికట్టు మార్చడానికి మూలం ఇదే. చీలమండలోని టాలస్ ఎముకను బొటనవేలితో కదలకుండా పట్టి, మిగిలిన పాదాన్ని దాని చుట్టూ బయటికి తిప్పాలి. కైట్ మడమ ఎముక ముందరి కీలు వద్ద నొక్కేవాడు. ఆ ఒత్తిడితో మడమ ఎముక తిరగకుండా ఆగిపోయేది. వేలు పెట్టే చోటులోని ఆ అంగుళం తేడా వలన నెలల తరబడి కట్టిన కట్లు నిష్ఫలమయ్యాయి.

పోన్‌సెటి పద్ధతిలో సాధారణంగా ఐదారు కట్లు సరిపోతాయి. చివర ఎక్కువమంది శిశువులకు స్థానిక మత్తుతో అకిలీస్ టెండన్‌ను చిన్న గాటుతో తెంచి, మూడు వారాలు కట్టు ఉంచుతారు. ఆ వ్యవధిలో టెండన్ తిరిగి అతుకుకుంటుంది. తరువాత ఒక కడ్డీకి అమర్చిన బూట్లు మూడు నెలలు దాదాపు రోజంతా, ఆ తరువాత నాలుగేళ్లు వచ్చేవరకు రాత్రివేళ వేయాలి.

ఆయన 1963లో తొలి ఫలితాలు ప్రచురించాడు. ఎవరూ పట్టించుకోలేదు. గొప్ప యంత్రమేదీ లేదు, వైద్యుడి చేతులూ, సున్నపుపిండీ మాత్రమే; ఆపరేషన్‌లో నేర్పు చూపడానికి శిక్షణ పొందినవారికి ఇది ఆకర్షణీయంగా కనిపించి ఉండదు. 1995లో కూపర్, డీట్జ్ అనే వైద్యులు, ఆయన చికిత్స పొందిన 45 మందిని సగటున 34 ఏళ్ల వయసులో పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. వారిలో 78 శాతం మందికి పాదం చక్కగా లేదా బాగా పనిచేస్తోంది. వంకరపాదం ఎన్నడూ లేని తోటివారిలో అదే లెక్క 85 శాతం. అయినా మార్పు నిదానంగానే వచ్చింది. 1990ల చివరలో, ఆపరేషన్ తప్ప మార్గం లేదని విన్న తల్లిదండ్రులు అంతర్జాలంలో ఒకరికొకరు చెప్పుకొని, ఎనభై దాటిన ఆ వైద్యుని వెతుక్కుంటూ అయోవాకు రావడం మొదలైంది. లిటిల్ కాలంలో వలెనే, ఈసారి కూడా బాధితుల పక్షమే వైద్యులను కదిలించింది. 2004లో అయోవా వైద్యులు 157 మంది పిల్లల 256 పాదాలపై నివేదిక ఇచ్చారు: 98 శాతం సరిదిద్దబడ్డాయి, పెద్ద ఆపరేషన్ అవసరమైనది 2.5 శాతం పిల్లలకు మాత్రమే. పోన్‌సెటి 2009లో, తన 95వ ఏట మరణించేనాటికి ఆ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

తరువాతి పరిశోధనలు అసలు పద్ధతిని మార్చలేదు, పేదదేశాలకు అనుకూలం చేశాయి. శస్త్రవైద్యులు అతి తక్కువగా ఉన్న మలావీలో, శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బందే కట్లు వేశారు. అక్కడే 2011 నాటి అధ్యయనం, వారానికొకసారి బదులు మూడుసార్లు కట్టు మార్చినా ఫలితం దెబ్బతినదని చూపింది. దూరప్రాంతం నుంచి వచ్చి ఆసుపత్రి దగ్గర ఆగవలసిన కుటుంబానికి ఈ తేడా ఎంతో ఉపకరిస్తుంది. మన దేశంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే పుట్టుక లోపాలలో వంకరపాదం ఒకటి. జిల్లా స్థాయి కేంద్రాల ద్వారా ఉచిత చికిత్సకు దారి చూపుతారు.

చికిత్స విఫలమయ్యే చోటు కట్టుల గదిలో కాదు, ఇంటిలో. పాదం చూడడానికి పూర్తిగా బాగయ్యాక కూడా రాత్రి బూట్లు వేయాలని చెబితే, బిడ్డ ఏడుస్తోందని, బంధువులు చూసి ఏమనుకుంటారోనని కొందరు మానేస్తారు. అలా మానినవారిలోనే వంకర తిరిగి రావడం అధికమని 2004 నాటి అధ్యయనాలు నిర్ద్వంద్వంగా చూపాయి. బూట్లు ఒరుసుకొని పుండు పడితే, లేదా పాదం పెరిగి ఇరుకైతే, మానివేయక ముందు అదే కేంద్రానికి తీసుకువెళ్లండి. బూటు మార్చడానికి పట్టేది కొద్ది నిమిషాలే, పాదం మళ్లీ వంగితే మొదటినుంచి కట్లు కట్టవలసివస్తుంది.