రాయపూర్‌లో క్రిస్మస్: ఎడ్లబండి బాట నుంచి రైల్వే కాలనీ దాకా

రాయపూర్‌కు క్రిస్మస్‌ను తెచ్చినవి పై ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు. మొదట ఇంగ్లీషు అధికారులు, తర్వాత జర్మన్ మిషనరీలు, ఆపైన రైలుతోపాటు వచ్చిన తెలుగు, తమిళ, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు. అయితే ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోని సత్‌నామీ కుటుంబాలు కొన్ని దాన్ని తమ పండుగగా చేసుకోకపోతే అది బంగళాల గోడలు దాటి వచ్చేది కాదు.

1818లో బ్రిటిష్ అధికారి కర్నల్ ఆగ్న్యూ ఛత్తీస్‌గఢ్ పాలనా కేంద్రాన్ని రతన్‌పూర్ నుంచి రాయపూర్‌కు మార్చాడు. 1854లో ఛత్తీస్‌గఢ్‌తో సహా నాగపూర్ రాజ్యం కంపెనీ పాలన కిందికి పోయింది. 1862లో రాయపూర్ ఒక డివిజన్‌కు ముఖ్య పట్టణమైంది. ఆ కాలపు క్రిస్మస్ దొరల పండుగ. డిసెంబరు అధికారులు జిల్లాలో పర్యటించే నెల కనుక చాలామందికి పండుగ డేరాల్లోనే గడిచేది. ఉత్తర భారతంలో మాదిరే ఇక్కడా జనం దాన్ని ‘బడా దిన్’ అన్నారు. ఆ రోజున పళ్లు, మిఠాయిలు పళ్లేల్లో పెట్టి దొరగారికి సమర్పించుకోవడం అప్పటి మర్యాద. పండుగతో ఊరివాళ్లకున్న సంబంధం అంతవరకే.

1868లో ఆస్కార్ లోర్ భార్యాపిల్లలతో ఇక్కడికి వచ్చాడు. 1824లో సైలీషియాలో పుట్టిన ఈ జర్మన్ మొదట రాంచీలోని గోస్నర్ మిషన్‌లో పనిచేశాడు. 1857 తిరుగుబాటులో ఆ మిషన్ చెదిరిపోయాక అమెరికా వెళ్లాడు. అక్కడ స్థిరపడ్డ జర్మన్ క్రైస్తవులు పెట్టుకున్న మిషనరీ సంఘం ఆయన్ను మళ్లీ ఇండియాకు పంపింది. అప్పటికి బొంబాయి రైలు నాగపూర్ దాకా వచ్చి ఏడాదే అయింది. నాగపూర్ దాటితే రైలు లేదు, అడవి బాటే. ఆ బాట ఎంత కష్టమైందో మరో కుటుంబం కథ చెబుతుంది. 1877లో పద్నాలుగేళ్ల నరేంద్రనాథ్, తర్వాతి కాలపు వివేకానందుడు, తండ్రి ఉద్యోగరీత్యా తల్లి, తోబుట్టువులతో రాయపూర్ వచ్చినప్పుడు నాగపూర్ నుంచి ఎడ్లబండి ప్రయాణానికి పదిహేను రోజులు పట్టింది. పిల్లలతో వచ్చిన కుటుంబానికి ఇక బంధువులున్న ఊరికి పండుగకు వెళ్లి రావడమన్న మాటే లేదు. పండుగేదైనా ఉన్నచోటే చేసుకోవాలి.

విగ్రహారాధనను కాదని, ‘సత్‌నామ్’ అనే ఒకే దైవాన్ని కొలిచే సత్‌నామీలు తన బోధను సులభంగా అందుకుంటారని లోర్ నమ్మాడు. వాళ్ల గురుపీఠమైన భండార్‌కు స్వయంగా వెళ్లాడు. ఆయన ఆశించినట్టు జనం వెల్లువలా కదిలి రాలేదు. వచ్చినవాళ్లు కొద్దిమందే. సిమ్గా వైపు ప్రభుత్వం నుంచి తీసుకున్న పదిహేను వందల పైచిలుకు ఎకరాల బీడు భూమిలో బిశ్రాంపూర్ అనే ఊరు వెలసింది. 1874లో అక్కడ ఇమ్మానుయేల్ చర్చి ప్రారంభమైంది. ఊరికి మిషనే మాల్‌గుజార్, అంటే శిస్తు వసూలు చేసే భూస్వామి కూడా. బోధించేవాడూ పాస్టరూ భూస్వామీ ఒక్కరే కావడం ఆ ఊరి జీవితంలో తీసివేయలేని మెలిక. పంట నూర్పిళ్ల రోజుల్లో వచ్చే ఈ పండుగను ఆ సంబంధం నుంచి విడదీసి చూస్తే ఆ పల్లె అర్థం కాదు.

1896–97, 1899–1900 కరువులు ఛత్తీస్‌గఢ్‌ను కుదిపేశాయి. మిషన్ల అనాథాశ్రమాలు పిల్లలతో నిండాయి. 1897లో చాంద్‌ఖురీలో కుష్ఠురోగుల ఆశ్రమం ఏర్పడింది. 1899లో అమెరికన్ మెన్నొనైట్ శాఖ క్రైస్తవులు ధమ్‌తరీలో మిషన్ పెట్టారు. అమ్మానాన్నలను కరువుకు పోగొట్టుకున్న పిల్లలకు పండుగనాడు పక్కన కూర్చుని తినేవాళ్లు అనాథాశ్రమంలోని తోటి పిల్లలే. ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో చాలావాటి మొదలు అక్కడుంది. 1909 నుంచి శివనాథ్ నదిలోని మద్‌కూ ద్వీపంలో ఏటా ఫిబ్రవరిలో మసీహీ మేళా జరుగుతోంది. కుటుంబాలకు కుటుంబాలే వచ్చి గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉంటాయి. జాతరకు పోయి నది ఒడ్డున వండుకు తినే ఛత్తీస్‌గఢ్ అలవాటే ఇది.

వంటల్లో కూడా అంతే. ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్ క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కు కేకుకన్నా ముందు అరసా ఉంటుంది. నానబెట్టిన బియ్యాన్ని తడి ఆరీ ఆరకముందే దంచి, ఆ పిండిని బెల్లం పాకంలో కలిపి, అరచేత్తో ఒత్తి నూనెలో వేస్తారు. పాకం ముదిరితే అరసా రాయవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇల్లాలికి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె ఇంట్లో నువ్వులు అద్ది, రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండే అరిసె కూడా ఇలాంటిదే.

ఆ ఇల్లాలిని రాయపూర్‌కు తెచ్చింది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాలుగేళ్లలో నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా పట్టాలు పూర్తి చేసింది. రాయపూర్ ఆ దారిలో పెద్ద స్టేషన్ అయింది. తెలుగువాళ్లకు అసలు మలుపు మాత్రం 1931. పార్వతీపురం దగ్గర ఆగిపోయిన లైను ఆ ఏడాది రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్‌ను చేరింది. ఛత్తీస్‌గఢ్ సరుకును విశాఖ రేవుకు దించడానికి వేసిన మార్గమే ఉత్తరాంధ్ర జనానికి కొలువుల దారీ అయింది.

ఈ లైను వెంట, చుట్టుపక్కల ఉన్న ఊళ్లు క్రైస్తవ చరిత్రలో కూడా పేరున్నవే. బొబ్బిలిలో 1879 నుంచి కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. సాలూరు, పార్వతీపురాల్లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్‌లు 1880ల్లో మిషన్లు పెట్టారు. అంటే రైలు కలిపిన రెండు కొసల్లోనూ జర్మన్ మిషనరీలు పెట్టిన మిషన్లు అప్పటికే దశాబ్దాలుగా ఉన్నాయి. ఒక కొసన హిందీ పాట, మరో కొసన తెలుగు కీర్తన. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి పందొమ్మిదో శతాబ్దంలో రాసిన తెలుగు కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ద్వారా వలస వెళ్లిన కుటుంబాలతోపాటు ప్రయాణించాయి. రైల్వే క్వార్టర్లలో గుమ్మానికి వెదురు బద్దల నక్షత్రం కట్టి, తెల్లవారుజామున ఇల్లిల్లూ తిరిగి పాడే కేరల్స్‌కు ఆ పుస్తకమే ఆధారం. 1950ల చివర్లో భిలాయి ఉక్కు కర్మాగారం తెరుచుకున్నాక ఈ వలస ఇంకా పెరిగింది.

స్వాతంత్ర్యం తర్వాతి కాలంలో కాథలిక్కుల సంఖ్య కూడా పెరిగింది. 1964లో రాయపూర్ ప్రత్యేక మిషన్ ప్రాంతంగా, 1973లో డయోసిస్‌గా, 2004లో ఆర్చిడయోసిస్‌గా ఎదిగింది. బైరన్ బజార్‌లోని సెయింట్ జోసెఫ్ చర్చి దానికి కేంద్రం. ఈ కాలమంతా సాఫీగా సాగలేదు. మత మార్పిడులపై అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1954లో నియోగి కమిటీ వేసింది. 1956లో నివేదిక, 1968లో చట్టం వచ్చాయి. 2000లో కొత్తగా ఏర్పడ్డ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఆ చట్టాన్నీ వారసత్వంగా తీసుకుంది. మార్పిడుల వెనుక విదేశీ డబ్బు, ప్రలోభం ఉన్నాయన్న అనుమానం నాలుగు తరాలుగా ఇక్కడే పొలం దున్నుతున్న కుటుంబాల మీద కూడా పడడం న్యాయం కాదు.

రాజధాని అయ్యాక రాయపూర్ పండుగకు ఖాళీ అయ్యే ఊరు కూడా అయింది. జశ్‌పూర్ నుంచి పనికోసం వచ్చిన ఉరావ్ ఆదివాసీ క్రైస్తవ యువతీయువకులు డిసెంబరు మూడో వారంలో ఇళ్లకు బయల్దేరతారు. తెలుగు కుటుంబాల్లో మూడో తరం వాళ్లు మాత్రం ఎక్కువగా రాయపూర్‌లోనే ఉండిపోతారు, బంధువులే ఇటు వస్తారు. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ 1931 నాటి ఆ పార్వతీపురం దారిలోనే నడుస్తోంది. విశాఖ నుంచి రాయపూర్‌కు ఇప్పుడు ఒక్క పూట ప్రయాణం చాలు.