ముక్కుదూలం విరగడం: ప్రథమ చికిత్స, వైద్యం

దెబ్బ తగిలి ముక్కు పైభాగంలోని రెండు చిన్న ఎముకల్లో ఒకటిగాని, రెండూగాని చిట్లడాన్నీ, పక్కకు జరగడాన్నీ ముక్కుదూలం విరగడం అంటారు. ఈ ఎముకలు పలుచనివి, పైగా ముఖానికి ముందుంటాయి. అందుకే ముఖంలో ఎక్కువగా విరిగేవి ఇవే. వాహన ప్రమాదాలు, జారిపడటం, కబడ్డీ వంటి ఆటలు, కొట్లాటలు ప్రధాన కారణాలు.

లక్షణాలు

నొప్పి, రక్తస్రావం, కళ్ల కింద కమిలిన నలుపు, ముక్కు వంకరపోవడం, గాలి ఆడకపోవడం కనిపిస్తాయి. కొన్ని గంటల్లో వాపు పెరిగి వంకర బయటపడకపోవచ్చు.

ప్రథమ చికిత్స

* కూర్చోబెట్టి తల కాస్త ముందుకు వంచాలి. వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి దిగి వాంతి కావచ్చు, ఊపిరి అడ్డుపడవచ్చు.
* ముక్కు కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. నోటితో ఊపిరి తీసుకోవాలి. నొప్పి భరించలేకపోతే నొక్కకూడదు.
* ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 10–15 నిమిషాలు కాపడం పెట్టాలి.
* వంకరను చేత్తో సరిచేయకూడదు. చీదకూడదు. పసుపు, కాఫీపొడి కుక్కకూడదు.
* మెడనొప్పి ఉన్నా, స్పృహ తప్పినా కదిలించకుండా 108 అంబులెన్సుకు ఫోన్ చేయాలి.

ప్రమాద సూచనలు

రక్తం ఆగకపోవడం, ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారడం, చూపు మసకబారడం, పదేపదే వాంతులు ప్రమాదకరం. కారేది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ముక్కు నడిమి గోడలో రక్తం గడ్డకడితే రెండు రంధ్రాలూ మూసుకుపోయినట్టుంటుంది. దాన్ని వెంటనే కోసి తీయకపోతే మృదులాస్థి చచ్చిపోయి ముక్కు మధ్యలో కుంగుతుంది.

వైద్యం

డాక్టరు ముందుగా చూసేది ఈ రక్తపు గడ్డనే. మామూలు ఎక్స్‌రేలో విరుపు తెలియకపోవచ్చు. ముఖంలో ఇతర ఎముకలు విరిగాయన్న అనుమానముంటే సీటీ స్కాన్ తీస్తారు. చర్మం చిట్లితే ధనుర్వాతం టీకా అవసరం కావచ్చు. ఎముక జరగకపోతే నొప్పి మాత్రలు, విశ్రాంతి చాలు. వంకర ఉంటే వాపు తగ్గాక, మూడు నుంచి ఐదు రోజులకు మళ్లీ చూసి మత్తిచ్చి సరిచేస్తారు. పెద్దల్లో రెండు వారాల్లోపు, పిల్లల్లో వారంలోపు ఇది జరగాలి. ఆలస్యమైతే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. తర్వాత సుమారు వారం పైన చెక్కపట్టీ ఉంచుతారు. అప్పటికీ వంకర మిగిలితే కొన్ని నెలలు ఆగి శస్త్రచికిత్స చేస్తారు.

సుమారు క్రీ.పూ. 1600 నాటి ఈజిప్టు ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లోనూ విరిగిన ముక్కులో నారబట్ట వత్తులు పెట్టి, బయట గట్టి బట్టచుట్టలతో కట్టే పద్ధతి ఉంది.

ఉయ్యూరు ప్రాంతంలో

ఉయ్యూరు విజయవాడ–మచిలీపట్నం జాతీయ రహదారిపై ఉంది. రక్తస్రావం ఆపడం వంటి తొలి చికిత్స స్థానిక ఆసుపత్రిలో పొందవచ్చు. చెవి, ముక్కు, గొంతు నిపుణులు కావలసివస్తే ఇదే రహదారి (బందరు రోడ్డు) మీదుగా కంకిపాడు దాటి విజయవాడ వెళ్లాలి. అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, 1980లో ఏర్పడిన సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధం.

చట్టం

ఎముక విరగడం భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయం. 2024 జూలై 1కి ముందు ఐపీసీ 320వ సెక్షన్ ఇదే చెప్పేది. కాబట్టి కొట్లాటలో ముక్కు విరిగితే ఆసుపత్రి దాన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తుంది. గాయం ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి.