పూజ్యశబ్దమును గోలకొండ పత్రికయు

పూజధాతువునకుఁ గృత్యప్రత్యయము చేరఁగా నేర్పడిన పూజ్యశబ్దమునకుఁ బూజింపఁదగినదని యర్థము. తెలుఁగున నదియే సున్నకును బేరై వాడుకలో నిలిచినది. నిజాము రాష్ట్రమునందు ఆంధ్రకవులు పూజ్యమని యొకరు వ్రాసినపుడు వారి తలంపున నున్నది ఈ రెండవ యర్థమే. దానికిఁ బ్రత్యుత్తర మిచ్చిన సురవరము ప్రతాపరెడ్డిగారు అప్పటికిఁ బత్రికాసంపాదకులు, తరువాత శాసనసభ్యులు. ఆయన రాజకీయజీవనమునకు మూలసూత్రము ఆ ప్రత్యుత్తరముననే కలదని నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరమున గద్వాల ప్రాంతమున జన్మించిరి. సంస్కృతకావ్యములు గురుముఖమునఁ జదివిరి. మద్రాసున న్యాయశాస్త్రపట్టము నందిరి. పిదప హైదరాబాదు చేరి రెడ్డి విద్యార్థివసతిగృహమునకుఁ గార్యదర్శులుగా నుండిరి.

ఆనాఁడు ఆ రాష్ట్రమున తక్కిన భాషలవారికంటెఁ దెలుఁగువారే యెక్కువ. అయినను కచేరీలలో వ్యవహారము ఉర్దూలో జరుగుచుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఆ భాషలోనే. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి తెనుఁగు పత్రికయు బయలుదేఱినవి. 1926 మే 10వ తేదిని హైదరాబాదున గోలకొండ పత్రిక ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున వెలువడెను. వారమునకు రెండుమాఱులు వచ్చుచు, వార్తలతోపాటు సాహిత్యమునకును దావిచ్చినది.

1930 మార్చిలో మెదకు మండలమందలి జోగిపేటలో ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగెను. సభలకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలయునని గస్తీ నిశాన్ 53 అను నుత్తరువు శాసించుచుండిన కాలమది. ఆ మహాసభకు ప్రతాపరెడ్డిగా రధ్యక్షులు. దానితోపాటు జరిగిన మహిళాసభకు నడింపల్లి సుందరమ్మగా రధ్యక్షురాలు. తెలుఁగువారు ఒకచోఁ గూడి తమ కష్టసుఖములు తమ భాషలోఁ జెప్పుకొనుటయే యానాఁడు రాజకీయకార్యము. పత్రిక నాలుగేండ్లు పోషించిన పాఠకసమాజమునకు జోగిపేట సభారూప మొసఁగినదని నా యభిప్రాయము.

ఇఁక పూజ్యవాదము. దూషణమునకుఁ బ్రతిదూషణము సులభము. ప్రతాపరెడ్డిగారు ఆ త్రోవ పట్టక, కవుల వివరములను బద్యములను సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను బ్రకటించిరి. అందు 354 మంది కవులు గలరు. యోగ్యానుపలబ్ధియే యభావమునకుఁ బ్రమాణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అనఁగా, ఉన్నచోఁ గానవచ్చుటకుఁ దగిన సామగ్రియంతయుఁ గలిగియుఁ గానరానపుడే వస్తువు లేదని చెప్పఁదగును. వెదకనివానికిఁ గానరాకుండుట ప్రమాణము కాదు. న్యాయవాదవిద్య నెఱిఁగిన సంపాదకుఁడు సాక్షులఁ బిలిచినట్లు కవులఁ బిలిచి నిలిపినాఁడు.

ఆ సంచికలోని కవిత్వమెల్ల నొక్కస్థాయిది కాదని కొంద ఱాక్షేపింపవచ్చును. అది నిజమే. కాని వివాదము తారతమ్యమును గూర్చినది కాదు, అస్తిత్వమును గూర్చినది. ఉన్నదని తేలిన పిమ్మటఁ గదా మేలుకీడుల విచారము!

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమునందును ఈ పద్ధతియే కనఁబడును. రాజుల యుద్ధములు చరిత్రకు విషయమైనపుడు ప్రజల యాహారము, వేషము, ఆటలు, నమ్మకములు సున్నయై పోయినవి. ఆయన కావ్యములనుండి వానిని వెదకి చూపిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుఁగునకుఁ దొలి బహుమాన మొసఁగెను. అప్పటికి గ్రంథకర్త లేరు.

హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరున భారతదేశమునఁ గలిసెను. 1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున వనపర్తినుండి శాసనసభకు వచ్చిరి. 1953 ఆగష్టు 25న దివంగతులైరి. శాసనసభ్యత్వము ఒకటిన్నర సంవత్సరమునకు మించలేదు. పదవీకాలమునుబట్టి కొలుచువారికి ఆయన రాజకీయము స్వల్పము. కాని లెక్కకు రాని జనమును లెక్కకుఁ దెచ్చుట రాజనీతికిఁ దొలిమెట్టయినచో, ఆ పని శాసనసభకు రాకమునుపే చాలవఱకు నెఱవేఱినది.

పాఠశాలల పండితులకు ఒక మనవి. ఆ సంచికయందుఁ దమ ప్రాంతపు కవుల పేరులు చూచి, వారి యిండ్ల వ్రాఁతప్రతులు మిగిలినవేమో విచారింపవలయును. పేరు మాత్రమే నిలిచి కృతి నశించినచో, ఆ కవి మరల సున్నయే యగును.