టేకు కిటికీ – డంగు సున్నము

తొలకరి వాన కురిసిన నాడు ఇంటివారు మొదట కప్పు వంక చూతురు. కప్పు కారినచో చుక్క కంటబడును. కాని కిటికీ చౌకట్టునకును గోడకును నడుమ దూరిన నీరు కంటబడదు. అది లోలోపలనే నిలిచి, ఏండ్ల తరబడి చెక్కను మెత్తబరచును. ఉమ్మడి కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాలలో మేము చూచిన పాత ఇండ్లకు చేటు తరచుగ ఈ సందునుండియే వచ్చినది. దానిని పూర్వులు ఎట్లు పూడ్చిరో, తరువాతివారు ఎట్లు పూడ్చిరో తెలిసికొన్నచో ఆ ఇండ్ల చరిత్రయు కొంత తెలియును.

గోదావరికి ఉత్తరమున నున్న ఆదిలాబాదు అడవులు టేకునకు పేరొందినవి. ఈ సీమలోని భవంతి ఇండ్లలోను, దొరల గడీలలోను దూలములు, స్తంభములు, తలుపులు, కిటికీలు పెక్కు టేకుతోనే అమరెను. మాను నడుమ నుండు చేవలో సహజ తైలములు కలవు. అందుచే చెదలు దానిని సులభముగ ముట్టవు. చేవ చుట్టునుండు తెల్లచెక్కకు ఆ బలము లేదు. కావున ఎరిగిన వడ్రంగి వానకు ఎదురుగ నిలుచు చౌకట్టునకు చేవనే ఏరుకొనుచుండెను.

చౌకట్టు చుట్టు పూడ్చుటకు వాడినది డంగు సున్నము. సున్నమును ఇసుకతో కలిపి, నీరు పోసి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రపు గానుగలో నూరెడివారు. కొన్ని పనులలో బెల్లపు నీరు, కరక్కాయ నీరు చేర్చుటయు కలదు. టేకైనను వానకాలమున కొంత ఉబ్బును, వేసవిలో కొంత ముడుచుకొనును. సున్నము మెత్తనిది, ఆ కదలికను కొంత సహించును, తనలో చేరిన తేమను మరల గాలికి విడుచును. కిటికీ గట్టును వెలుపలికి వాలుగ తీర్చుటయు, పైన చూరును ముందుకు సాచుటయు ఈ ఏర్పాటులోని భాగములే.

1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటునకు పేటెంటు పొందెను. మన సీమలో మంచిర్యాలయందు 1958 ప్రాంతమునను, బసంతనగరమున 1969లోను సిమెంటు కర్మాగారములు వెలసెను. చేతికందిన ఆ సిమెంటుతోనే పాత కిటికీల నెర్రెలను మెత్తుట వాడుకయయ్యెను. సిమెంటు గట్టిది, చెక్కతో కూడ కదలదు. కొంతకాలమునకు రెంటి నడుమ వెంట్రుకవాసి సందు ఏర్పడును. అందు దూరిన నీరు ఆరుటకు దారి దొరకదు. నల్లరేగడి నేలపై కట్టిన ఇండ్లలో ఈ ఇక్కట్టు ఇంకను హెచ్చు. ఆ నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలువారుటచే గోడయే కదలును. సిమెంటు చెడ్డదని మేము చెప్పుటలేదు. అది ఆ చోటికి తగినది కాదు.

జగిత్యాల ప్రాంతమున ఒక పాత ఇంటిలో మేము చూచిన మరమ్మతు చెప్పదగినది. ఇంటివారు కిటికీని పెరికివేసి ఇనుప కిటికీ పెట్టనెంచిరి. వృద్ధుడైన వడ్రంగి ఉలి మొనతో చౌకట్టు నంతయు పొడిచి చూచి, అడుగున జానెడు మాత్రమే చెడినదనియు, తక్కినది వారి మనుమల కాలము దాక నిలుచుననియు తేల్చెను. మొదట సిమెంటు మెత్తును మెల్లగ ఊడదీసి, చెక్కను ఆరనిచ్చిరి. చెడిన భాగమును ఏటవాలుగ కోసి, చేవగల టేకు ముక్కను అతికిరి. సన్నని నెర్రెలలో సుద్దపొడిని అవిసెనూనెతో పిసికిన లప్పము కూరిరి. గోడ సందును సున్నముతో పూడ్చిరి. చెక్కకు అవిసెనూనె పలుచగ పూసి, ఆరిన పిమ్మట మరల పూసిరి. ఆ నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. గట్టు మీది నీరు వెలికి జారు దారిని మాత్రము పూడ్చలేదు. అందరును మరచునది అదియే.

కవ్వాల అడవి 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షిత ప్రాంతమయ్యెను. పాత మానుల చేవ ఇక కోరినంత దొరకునది కాదు. కిటికీని పెరికివేయుటకు ఒక పూట చాలును. అట్టి చేవ ముదురుటకు తరములు పట్టును. పాత ఇల్లు గలవారు మృగశిర కార్తె రాకముందే ఒకమారు చౌకట్టు అడుగును ఉలి మొనతో తాకి చూడవలెనని మా మనవి.