బతికిన కాలేజీ వండలూరు ఎందుకు పోయింది?



చెన్నపట్నానికి ఊళ్ళనించి చుట్టాలొస్తే చూపించి తీరాల్సినవి రెండని మన పెద్దలు చెప్పేవారు: చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ. మొదటిది ఎగ్మూరు మ్యూజియం, రెండోది జూ. అరవంలోనూ సెత్త కాలేజీ, ఉయిర్ కాలేజీ అనే అంటారు. ఎవరిని చూసి ఎవరన్నారో తేల్చే పని నేను పెట్టుకోను గానీ, నిజంగానే ఆ రెండూ ఒక గూటి పక్షులే.

మ్యూజియం చూసుకునే డాక్టరు ఎడ్వర్డ్ బాల్ఫర్ దొర అక్కడ బతికున్న జంతువుల్ని కూడా ఉంచితే జనం విరగబడి వచ్చారట. దాంతో ఆయన కర్ణాటక నవాబు దగ్గరున్న జంతువుల్ని కూడా అడిగి తెచ్చి, 1855లో జూ పెట్టాడు. తర్వాత అది సెంట్రల్ స్టేషను పక్కన పీపుల్స్ పార్కుకి మారి, కార్పొరేషన్ చేతికొచ్చింది. ఆ పార్కునేమో విక్టోరియా హాలు, మూర్ మార్కెట్టు, రిప్పన్ బిల్డింగు ఒక్కొక్కటే కొరుక్కుతిన్నాయి. జంతువులకి మిగిలింది కటకటాలు, రైలు కూతలు.

1979లో వండలూరు అడవిలో 1,265 ఎకరాలు కేటాయించారు. 1985 జులై 24న ఎంజీఆర్ కొత్త జూని ప్రారంభించారు. మూర్ మార్కెట్టు తగలబడింది కూడా ఆ ఏడాదే, మే నెలలో!

"అంతదూరం పోయి, కాళ్ళు పీకేలా నడిస్తే పులి తోకైనా కనబళ్ళేదు" అని మనవాళ్ళ గొణుగుడు. పాత జూలో పులి కనబడేదంటే, పాపం దానికి దాక్కునే చోటే లేదు! వండలూరులో ఇనప చువ్వల బదులు కందకాలు తవ్వారు. కందకం దూరానికి కనబడదు కనక మనకీ జంతువుకీ మధ్య ఏమీ లేనట్టే ఉంటుంది. లోపల చెట్లూ పొదలూ పులి కోసం, మన ఫోటోల కోసం కాదు. 2016 డిసెంబరులో వర్ధా తుఫానుకి అక్కడ వేలాది చెట్లు కూలాయి. జూకి అంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు పొద్దున్నే బయల్దేరండి. ఒక్కో ఆవరణ దగ్గర పది నిమిషాలైనా ఊరికే నిలబడండి. మంగళవారం మాత్రం వద్దు, సెలవు.