ఎర్ర ఇంకు వెనక ఎవరి భాష ఉంది?



ఇంటర్‌లో నేను రాసిన ఇంగ్లీష్ వ్యాసంలో "ఐ యామ్ నోయింగ్ హిమ్" అని ఒక వాక్యం ఉంది. "ఐ నో హిమ్" అంటే సరిపోయేది. మా సార్ దాని చుట్టూ రెండుసార్లు ఎర్ర సున్నా చుట్టి, పదికి నాలుగు వేశారు. వ్యాసంలో నేనేం చెప్పానో దాని గురించి ఒక్క ముక్క లేదు. తర్వాత ఉద్యోగంలో చేరాక కూడా ఇంగ్లీష్‌లో మెయిల్ రాయాలంటే భయమే.

అదే పేపర్ ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లు దిద్దితే?

1982లో ఆర్థర్ హ్యూజ్, క్రిసూలా లాస్కరాటూ సరిగ్గా ఇలాంటి ప్రశ్నే వేశారు. గ్రీకు విద్యార్థుల ఇంగ్లీష్ తప్పులతో 30 మంది ముందుకెళ్లారు. పదిమంది గ్రీకు టీచర్లు, పదిమంది ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న టీచర్లు, ఇంకో పదిమంది అదే మాతృభాష ఉన్నా టీచర్లు కానివాళ్లు. ఏ తప్పు ఎంత పెద్దది, ఎందుకు అని అడిగారు.

అందరికంటే కఠినంగా ఉన్నది గ్రీకు టీచర్లే! వాళ్లు "ఏ రూల్ తప్పింది?" అని చూశారు. టీచర్లు కాని ఇంగ్లీష్‌వాళ్లు "నాకు అర్థమైందా?" అని చూశారు. ఇంగ్లీష్ టీచర్లు మధ్యలో ఉన్నారు.

ఎందుకలా? నాకనిపించేది ఇది: రూల్స్ బట్టీ పట్టి, కష్టపడి ఆ భాష నేర్చుకున్న మనిషికి రూల్ తప్పితే తను చెప్పిన పాఠమే పోయినట్టు ఉంటుంది. మా సార్ కూడా అలాగే నేర్చుకున్నారు. ఆయన్ని తప్పు పట్టలేను.

అలాగని మన టీచర్లు ఎప్పుడూ తక్కువ మార్కులే వేస్తారనుకోకండి. 2001లో లింగ్ షి చైనాలో 10 వ్యాసాలు 46 మంది టీచర్లకి ఇచ్చారు. సగం చైనావాళ్లు, సగం ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లు. మార్కుల్లో పెద్ద తేడా రాలేదు! కానీ కారణాలు వేరు. ఇంగ్లీష్‌వాళ్లు విషయాన్ని, భాషని ఎక్కువగా మెచ్చుకున్నారు. చైనా టీచర్లు వ్యాసం అమరికలో, నిడివిలో లోపాలు ఎక్కువగా ఎత్తి చూపారు.

అంటే ఇద్దరు పిల్లలకి ఒకటే మార్కు వచ్చినా, ఒకడు "నా ఆలోచన బాగుంది" అని ఇంటికెళ్తాడు, ఇంకొకడు "నాకు రాయడం రాదు" అని వెళ్తాడు. నేను ఆ రెండోవాణ్ణి.

అందుకే పేపర్ చేతికొచ్చినప్పుడు మార్కు చూసి మడిచేయకండి. "సార్, నేను చెప్పింది అర్థమైందా?" అని ఒక్కసారి అడగండి. నేను అడగలేదు.

సరే ఫ్రెండ్స్, ఉంటా మరి.